తారాదేవి కూత

అమ్మమ్మ సింగపూర్‌లో దిగిన మొదటి వారంలోనే లిఫ్టుతో గొడవ పెట్టుకుంది. మనిషితో పెట్టుకుంటే ఏదో అనుకోవచ్చు. బుకిట్ బటోక్‌లో వాళ్ళు అద్దెకు దిగిన ఫ్లాటు ఏడో అంతస్తులో ఉంది. లిఫ్టేమో అయిదులో ఆగేది, తొమ్మిదిలో ఆగేది. మధ్యలో ఏడు అనేది ఒకటుందని దానికి తెలియదు. అప్పట్లో ఆ బిల్డింగుల్లో లిఫ్టులన్నీ అంతే. తాతయ్య అయిదులో దిగి, ఎవరినీ ఏమీ అనకుండా రెండంతస్తులు మెట్లెక్కేవాడు. అమ్మమ్మ మాత్రం ఏడో నంబరు ఉండాల్సిన చోట బొటనవేలితో నొక్కేది. అక్కడ మీట లేదు, ఉత్త రేకు. అయినా రోజూ నొక్కేది.

"అక్కడేం లేదు తారా," అనేవాడు తాతయ్య.

"లేదని వాళ్ళకి తెలియాలిగా," అనేది అమ్మమ్మ.

అది 1999. తాతయ్య రాజారావుకి యాభై నాలుగేళ్ళు. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ కంపెనీలో పాతికేళ్ళపాటు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాశాడు. ఇక ఈ భాషతో ఎవరికీ పని లేదన్నారు కాబట్టి ముందే రిటైరై ఇంట్లో పేపరు చదువుకుంటున్నాడు. ఇంతలో లోకానికి భయం పట్టుకుంది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాశారనీ, రెండువేలు రాగానే అవి పందొమ్మిది వందలు అనుకుని బ్యాంకులన్నీ తలకిందులైపోతాయనీ అన్నారు. ఆ రెండంకెలు రాసిన తరం వాళ్ళనే వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. అలా సింగపూర్‌లో ఒక జపాన్ బ్యాంకు పని కోసం, కాంట్రాక్టు మీద, తాతయ్యని తీసుకెళ్ళారు. "తప్పు చేసిన మనిషినే పిలిచి దిద్దమంటున్నారు. పైగా విమానం కూడా ఎక్కిస్తున్నారు," అని అమ్మమ్మ వెళ్ళేముందు చుట్టాలందరికీ చెప్పుకుంది.

తాతయ్య పనిచేసే జట్టులో మిగతా అందరూ కుర్రాళ్ళే. వాళ్ళలో కామ్రాన్ది మలక్‌పేట. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, కోపం వస్తే మూడూ కలిపి మాట్లాడేవాడు. నవనీత్ది గుంటూరు. అమ్మమ్మ వాళ్ళ ఫ్లాట్‌లోనే ఖాళీ గదిలో అద్దెకుండేవాడు. వాడి సామానంతా రెండు సూట్‌కేసులు, ఒక టేప్ రికార్డరు. టేప్ రికార్డరులో ఒకటే క్యాసెట్టు. అప్పట్లో కుర్రాళ్ళు కొనుక్కునే పాప్ పాటల క్యాసెట్టు. అందులో మూడో పాట అమ్మమ్మకి అసలు పడేది కాదు. ఒకడు అమ్మాయి ఇంటి గేటు ముందు నిలబడి ఉంటాడు, ఆ పిల్ల తండ్రి మేడమీంచి నీళ్ళు గుమ్మరిస్తాడు, వీడు కదలడు:

బకెట్టు నీళ్ళు పోసినా, కుక్కని విప్పి తోలినా,
పొమ్మంటే పోయే రకమా? పోను పోను పోనే పోను!

"ఆ తండ్రి స్థానంలో నేనుంటేనా, బకెట్టు కూడా విసిరేదాన్ని," అనేది అమ్మమ్మ చట్నీ రుబ్బుతూ. కానీ మిక్సీ ఆపేసరికి పాట ఎక్కడికొచ్చిందో అక్కణ్ణుంచి ఆవిడ నోరే అందుకునేది. ఈ సంగతి ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

ఆ ఏడాది ఆ జపాన్ బ్యాంకు వాళ్ళు ఒక బేస్‌బాల్ పోటీ పెట్టారు. బ్యాంకు జట్టు ఒకటి, బ్యాంకుకి పని చేసిపెట్టే కంపెనీల జట్లు అయిదు. కాంట్రాక్టు వాళ్ళందరినీ కలిపి ఒక జట్టు చేసి, కాగితం మీద 'వెండర్-బి' అని పేరు రాశారు. కామ్రాన్ కెప్టెన్. తాతయ్యకి స్కోరు రాసే పని. అంకెల దగ్గర ఆయన్ని మించినవాడు లేడని అందరికీ తెలుసు. ఆట గురించి మాత్రం వీళ్ళలో ఎవరికీ ఏమీ తెలియదు. అందరూ గల్లీ క్రికెట్ ఆడినవాళ్ళే. బంతి తగిలితే బ్యాటు పట్టుకునే పరిగెత్తేవాళ్ళు. దాన్ని అక్కడే పడేసి పరిగెత్తాలని ఒంటికి పట్టడానికి నెల పట్టింది.

మొదటి మ్యాచ్ ఒక ఆదివారం పొద్దున వుడ్‌ల్యాండ్స్ గ్రౌండులో. అమ్మమ్మ పులిహోర డబ్బాతో బయల్దేరింది. రైల్లో తినకూడదని బోర్డు ఉంటుంది కదా, ఆవిడ తినలేదు. దారి పొడవునా ఒళ్ళో పెట్టుకుని మూత తెరిచి వాసన చూసుకుంటూ కూర్చుంది. ఎదుటివాళ్ళందరూ ఆ డబ్బా వైపే చూస్తుంటే తాతయ్య పక్క బోగీలోకి వెళ్ళి నిలబడ్డాడు.

మ్యాచ్ పందొమ్మిది–ఒకటితో పోయింది. ఆ ఒకటి కూడా అవతలివాళ్ళు బంతిని పొదల్లోకి విసిరేసుకుంటే వచ్చింది. మనవాళ్ళు తొమ్మిదిమందీ సంతాప సభకి వచ్చినట్టు నోరు మూసుకుని ఆడి, నోరు మూసుకుని వచ్చి, చాప మీద కూర్చున్నారు. అమ్మమ్మ పేపరు పళ్ళేల్లో పులిహోర పెడుతూ అంది:

"మీ ఆటలో కూత లేదేంటయ్యా?"

"కూతేంది ఆంటీ?" అన్నాడు కామ్రాన్.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమ్మమ్మ రేపల్లె హైస్కూల్లో చెడుగుడు ఆడింది. ఆడటమంటే మామూలుగా కాదు. లంగా మోకాళ్ళ దాకా దోపి అవతలి గీత దాటితే ముగ్గుర్ని తాకకుండా వెనక్కి వచ్చేది కాదట. ఊపిరి తీసుకోకుండా కూత పెట్టడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు రెండు తాలూకాల్లో లేరట. ఈ 'ట'లన్నీ అమ్మమ్మవే. సాక్షులెవరూ దొరకలేదు.

"ఒక్కడు వెళ్తాడు," అంది అమ్మమ్మ గరిటెతో గ్రౌండుని చూపిస్తూ. "అవతల తొమ్మిదిమంది వాణ్ణి పట్టాలని చూస్తారు. వాడు దొరక్కుండా తిరిగి ఇంటికి రావాలి. ఇది చెడుగుడు కాక ఇంకేంటి?"

"బాల్ ఉంది కద ఆంటీ."

"బంతి మీరు పెట్టుకున్నారు. ఆట మాత్రం అదే. కూత మర్చిపోయారు, ఓడిపోయారు."

నవనీత్‌కి నవ్వాపుకోలేక పొలమారింది. తాతయ్య స్కోరు కాగితంలో తల దూర్చాడు.

రెండో మ్యాచ్‌లో ఏం జరిగిందన్నదానికి రెండు కథలున్నాయి. అమ్మమ్మ కథలో గ్రౌండు చుట్టూ అయిదొందల మంది జనం. తాతయ్య నోటుబుక్కులో ముప్పై ఎనిమిది, ఒక కుక్క. మిగతాదంతా ఒకటే. నవనీత్ ఎలాగో మూడో బేస్ దాకా, అంటే గ్రౌండు చుట్టి వచ్చే దారిలో ఆఖరి మజిలీ దాకా, చేరాడు. ఇంకొక్క పరుగు పెడితే ఇంటికొచ్చినట్టే. బ్యాటింగ్ చేస్తున్న కుర్రాడు బంతిని మెల్లిగా నేలమీదికి కొట్టాడు. నవనీత్ సగం దూరం వచ్చి, భయపడి, ఆగిపోయాడు. ముందుకా వెనక్కా తేల్చుకోలేక మధ్యలో కాళ్ళు తొక్కుకుంటున్నాడు.

అమ్మమ్మకి ఒళ్ళు మండింది. పరాయి కోర్టులో నిలబడి కూత ఆపేసినవాణ్ణి ఎవరు క్షమిస్తారు? వాడు పెట్టకపోతే నేనే పెడతాననుకుని చాప మీంచి లేచి, గుండెల నిండా గాలి తీసుకుంది. నోరు తెరిచేసరికి చెడుగుడు కూత రాలేదు. ముప్పై అయిదేళ్ళయింది మరి. పొద్దున చట్నీతోపాటు నోట్లో తిరిగిందే వచ్చింది.

"పోను పోను పోను పోను పోను పోను..."

గుక్క తిప్పుకోకుండా, ఒకటే శృతిలో. అవతలి జట్టు వాడు బంతి తీశాడు, విసరబోయాడు, ఏదో సైరన్ మోగుతోందనుకుని వెనక్కి చూశాడు. నవనీత్‌కి ఆ కూత తన క్యాసెట్టులోదని తెలిసి ఒక్కసారిగా సిగ్గేసింది. ఆవిడ నోరు మూయించాలంటే ఇంటికి చేరడం తప్ప దారి లేదని పరిగెత్తాడు. చేరాడు. అమ్మమ్మ అప్పుడు ఊపిరి పీల్చుకుని చాప మీద కూలబడింది. మొహం వంకాయలా అయిపోయింది.

"చూశారా, కూత ఆపలేదు కాబట్టి బతికాడు," అంది.

ఆ మ్యాచ్ కూడా ఓడిపోయారు. కానీ ఏడు–అయిదుతో ఓడిపోయారు. మూడోది గెలిచారు. అప్పటికి అదొక పద్ధతైపోయింది. మనవాడు ఎవడైనా పరిగెత్తుతున్నంతసేపూ బెంచీ మీద ఒకరు ఊపిరి తీసుకోకుండా 'పోను పోను' అనాలి. మధ్యలో ఊపిరి అయిపోతే పరిగెత్తేవాడి పరుగు పాడైపోతుందని నమ్మకం. పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు, కంప్యూటర్లకి తారీఖులు నేర్పడానికి దేశం దాటి వచ్చినవాళ్ళు, గుక్క ఎవరిది పొడుగని రైల్లో పందేలు వేసుకున్నారు. పరిగెత్తినవాడు ఇంటికి చేరినప్పుడల్లా టేప్ రికార్డరులో పాట మొత్తం వేసి, బకెట్టు నీళ్ళ దగ్గర నిజంగానే సీసాల్లో నీళ్ళు చల్లుకునేవాళ్ళు.

సరదాగా మొదలైందే, మధ్యలో రంగు మారింది. డిసెంబరు దాటితే వీళ్ళలో ఎంతమందిని ఉంచుతారో ఎవరికీ తెలియదు. ఆఫీసులో వీళ్ళ మెడలో బిళ్ళలు వేరే రంగు. క్యాంటీన్లో పర్మనెంటు వాళ్ళ బల్లల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి ఉంటే, అది 'చోప్' చేసిన సీటు, అంటే ముందే పట్టుకున్నదని అర్థం, వీళ్ళు లేచిపోవాలి. అలాంటి చోట పనిచేసేవాళ్ళకి వారానికోసారి గొంతు చించుకుని 'పోను' అనడం ఎంత హాయిగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కామ్రాన్ ఆ పాటకి చేత్తో కొట్టే తాళం కట్టాడు. సెంగ్‌కాంగ్ నుంచి వచ్చే ఒక కుర్రాడి నాలుగేళ్ళ కూతురు, అమూల్య, పాలు తాగమంటే, సింగపూర్ వాళ్ళలా ప్రతి మాట చివరా 'లా' తగిలించే అలవాటు కొద్దీ, "పోను లా" అనడం మొదలెట్టింది. ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు, ఆ పాట వెండర్-బి పాటైపోయింది.

అయిదో మ్యాచ్‌కి ముందు ఉత్తరం వచ్చింది. గెలిస్తే ఫైనల్. ఆడాల్సింది బ్యాంకు వాళ్ళ సొంత జట్టుతో. పోటీల కమిటీ సెక్రటరీ లిమ్ అనే ఆయన. మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చునే రకం. ఆయన తాతయ్యని పిలిచి కాగితం చేతికిచ్చాడు. పై అధికారులు మ్యాచ్ చూడ్డానికి వస్తున్నారు. గోల గురించి ఫిర్యాదులొచ్చాయి. ఆ పాట మళ్ళీ వినబడితే వెండర్-బి ఓడిపోయినట్టు రాసేస్తారు. "మీ మిసెస్‌కి మీరే చెప్పండి," అన్నాడు లిమ్.

తాతయ్య ఆ కాగితం జేబులో పెట్టుకుని, అయిదులో లిఫ్టు దిగి, రెండంతస్తులెక్కి ఇంటికొచ్చాడు. చెప్పాడు.

"నన్ను పాడొద్దన్నారా?"

"పాడొద్దన్నారు."

"మీరేమన్నారు?"

"చెబుతానన్నాను."

"చెప్పారుగా," అంది అమ్మమ్మ. "ఇక నేనేమన్నానో వెళ్ళి వాళ్ళకి చెప్పండి."

"నువ్వేమీ అనలేదు కదా."

"అంటాను, ఉండండి."

కానీ అనేలోపే నవనీత్ గదిలోంచి వచ్చాడు. వెనకే కామ్రాన్. ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు.

"ఆంటీ," అన్నాడు నవనీత్, "ఈ ఒక్క ఆదివారం మీరు ఇంట్లో ఉంటే... గెలిస్తే ఫైనల్‌కి వెళ్తాం ఆంటీ. పందొమ్మిది–ఒకటి నుంచి ఇక్కడి దాకా వచ్చాం."

అమ్మమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు, అందుకని ముగ్గురూ భయపడ్డారు. లిమ్ కాగితం రాస్తే ఆవిడకి లెక్క లేదు. ఈ కుర్రాళ్ళు అడిగేసరికి మాత్రం ఎక్కడో తగిలింది. స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని అంది:

"నోరు మూసుకుంటాను. ఇంట్లో మాత్రం ఉండను."

"పక్కా నా ఆంటీ?" అన్నాడు కామ్రాన్.

"మా అమ్మ మీద ఒట్టు. మీరు ఓడినా సరే, గెలిచినా సరే, ఒక్క ముక్క అనను."

ఆదివారం అమ్మమ్మ ముదురు ఎరుపు చీర కట్టుకుని, బెంచీ చివర, పెదాలు బిగించి కూర్చుంది. పక్కనే తాతయ్య స్కోరు కాగితాలతో. ఎదురుగా డేరా కింద బ్యాంకు పెద్దలు, వాళ్ళ పక్కన లిమ్. బ్యాంకు జట్టు కెప్టెన్ మోరి అనే నడివయసు జపాన్ ఆయన. వచ్చి టోపీ తీసి అమ్మమ్మకి వంగి నమస్కారం పెట్టాడు. ఆవిడ నోరు తెరవకుండా తల మాత్రం ఊపింది. ఆయన అనుమానంగా రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు.

మనవాళ్ళ ఆట మొదటి మ్యాచ్ రోజుకి వెళ్ళిపోయింది. చేతులు తిమ్మిరెక్కినట్టు బంతులు వదిలేశారు. పరిగెత్తినవాడు పరిగెత్తుతూ బెంచీ వైపు చూసేవాడు. అక్కణ్ణుంచి ఏమీ వినపడక కాళ్ళు నెమ్మదించేవి. నాలుగో ఇన్నింగ్స్‌కి నాలుగు–సున్నా. అమ్మమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. మెడలో నరాలు లేచాయి. తాతయ్య పెన్సిల్ పట్టుకుని, ఆవిడ వైపే చూస్తున్నాడు.

అయిదో ఇన్నింగ్స్‌లో కామ్రాన్ మూడో బేస్ మీదున్నాడు. బంతి నేలమీద దొర్లుకుంటూ పోయింది. కామ్రాన్ సగం దూరం వచ్చి ఆగాడు. ముందుకా, వెనక్కా?

"పోను పోను పోను పోను..."

అమ్మమ్మ ఉలిక్కిపడి తన నోరు తడుముకుంది. కొంగు నోట్లోనే ఉంది. అరుస్తున్నవాడు నవనీత్. బెంచీ మీద లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, మెడ పైకెత్తి, గుక్క తిప్పుకోకుండా. వాడి ఊపిరి అయిపోతుండగా పక్కవాడు అందుకున్నాడు. వాడి నుంచి ఇంకొకడు. కామ్రాన్ దూకి ఇంటికి చేరాడు. చేరి, ఒళ్ళంతా మట్టితో లేచి, వాడూ మొదలెట్టాడు.

లిమ్ డేరాలోంచి గబగబా వచ్చాడు. చెయ్యెత్తాడు. ఆట ఆగింది. వెండర్-బి ఓడినట్టు రాయమన్నాడు. అలా రాస్తే ఆడిన స్కోరు ఎంతైనా సరే, రూలు ప్రకారం తొమ్మిది–సున్నా. తర్వాత అమ్మమ్మ దగ్గరికొచ్చి, "ఆంటీ, దయచేసి మీరు గ్రౌండు నుంచి వెళ్ళిపోండి," అన్నాడు. నవనీత్ మధ్యలోకి వచ్చి తెలుగులో చెప్పబోయాడు. ఆవిడ వాణ్ణి పక్కకి తోసింది. ఆ మాట ఏ భాషలో చెప్పినా తెలుస్తుంది.

కొంగు నోట్లోంచి తీసింది.

"ఈసారి నేను పాడలేదు," అంది తెలుగులోనే, తాపీగా. "నా ఒట్టు నేను నిలబెట్టుకున్నాను. వాళ్ళ పాట వాళ్ళు పాడుకున్నారు. అయినా సరే, నేను పోను."

కాళ్ళు పైకి పెట్టుకుని బెంచీ మీద బాసింపట్టు వేసుకుంది.

కామ్రాన్ వచ్చి ఆవిడ ముందు నేలమీద కూర్చున్నాడు. "సర్, పాడింది మేము. పేర్లు కావాలంటే తొమ్మిది రాస్కోండి. ఆంటీ పోదు, మేమూ పోం," అన్నాడు ఇంగ్లీషులో. మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి కూర్చున్నారు. ఫైనల్ పోయిందని అందరికీ తెలుసు. ఎవరి మొహంలోనూ ఆ దిగులు లేదు.

అప్పుడు మోరి బంతి చేతిలో ఎగరేసుకుంటూ వచ్చి లిమ్‌ని అడిగాడు, "ఓటమి రాసేశారా?"

"రాసేశాను."

"అయితే మీ పని అయిపోయింది. నేను ఆడ్డానికి వచ్చాను. ఇంకా నాలుగు ఇన్నింగ్స్ ఉన్నాయి." వెళ్ళి తన చోట నిలబడ్డాడు. ఆయన జట్టూ నిలబడింది.

డేరాలో పెద్దలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఎవరూ లేచి వెళ్ళలేదు. మనవాళ్ళు లేచి బ్యాటు తీసుకున్నారు. ఓడిపోయిన జట్టుకి ఇక పోగొట్టుకునేదేం ఉంటుంది? టేప్ రికార్డరు బయటికొచ్చింది. అమ్మమ్మ ఒట్టు ఓడినట్టు రాయడంతోనే తీరిపోయిందని తనకి తనే తీర్పు చెప్పుకుని, వారం రోజులు దాచుకున్న ఊపిరంతా ఒకేసారి వదిలింది. ఆ కూతకి చెట్ల మీది మైనాలన్నీ లేచిపోయాయని తాతయ్య కూడా ఒప్పుకుంటాడు.

లిమ్ తాతయ్య భుజం మీంచి వంగి చూశాడు. కాగితం మీద పెన్సిల్ ఇంకా కదులుతోంది.

"ఏం రాస్తున్నారు? మ్యాచ్ అయిపోయింది కదా."

తాతయ్య పుట్టి బుద్ధెరిగాక పై అధికారికి ఎదురు చెప్పలేదు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "లేదండి, ఇంకా ఆడుతున్నారు," అన్నాడు. గీత గీసుకుని రాస్తూ పోయాడు.

చివరికి ఆరు–అయిదు. గెలిచింది మోరి జట్టే. అమ్మమ్మ కథలో మాత్రం ఆఖరి బంతికి మనవాడొకడు అసలు అవుట్ కానే కాలేదనీ, అంపైర్‌కి కళ్ళజోడు అవసరమనీ ఉంటుంది. దాని జోలికి వెళ్ళకపోవడం మంచిది.

సోమవారం పొద్దున ఆఫీసు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు: బ్యాంకు తొమ్మిది, వెండర్-బి సున్నా. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి దాని పక్కన ఇంకో కాగితం ఉంది. తాతయ్య చేతిరాతలో, ఇన్నింగ్స్ వారీగా, ఎవరు ఎక్కడ పరిగెత్తారో, ఎవరి కూత మీద పరిగెత్తారో సహా. సాయంత్రం ఎవరో దాన్ని పీకేశారు. మంగళవారం మళ్ళీ ఉంది. మళ్ళీ పీకేశారు. బుధవారం తాతయ్య జిరాక్సు మిషను దగ్గర నిలబడి ఉండగా లిమ్ వచ్చాడు.

"మిస్టర్ రాజారావ్, ఎన్ని కాపీలు తీస్తున్నారు?"

"మీరు ఎన్నిసార్లు పీకితే అన్నండి," అన్నాడు తాతయ్య. మర్యాదగానే అన్నాడు.

శుక్రవారం రెండు కాగితాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ తర్వాత వాటిని ఎవరూ ముట్టుకోలేదు.